మంచం పట్టని వంశం

పోయిన నెలలో మధురవాడలోని ఒక గుండె ఆసుపత్రిలో మా తమ్ముడి కూతురి మంచం పక్కన కూర్చుని ఉండగా, నాకు మనవరాలయ్యే వయసున్న డాక్టరమ్మ ఒకావిడ వచ్చి, చేతిలోని పలకలాంటి యంత్రం మీద ఏదో రాసుకుంటూ, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయారా అని అడిగింది. అడిగింది పిల్లనే అయినా, పెద్దవాణ్ని పక్కన ఉన్నాను గనుక జవాబు చెప్పవలసింది నేనే అనుకుని, అలవాటుకొద్దీ వెన్ను నిటారుగా పెట్టి గొంతు సవరించుకుని, మా వంశంలో ఎవరూ మంచం పట్టరమ్మా, మావన్నీ అనాయాస మరణాలు అని మొదలుపెట్టాను. ఈ వాక్యం నేను నా జీవితంలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మా నాన్నగారు అన్నారు, ఆయన తండ్రిగారు అన్నారు, పెళ్ళిచూపుల్లో అన్నాం, పరామర్శల్లో అన్నాం. కాని ఆసుపత్రి గదిలో, ముప్పై ఏళ్ళకు పైగా రోగాలకు పేర్లూ అంకెలూ వేసి బతికిన నేను, ఆ వాక్యాన్ని మొదటిసారిగా బయటివాడిలా విన్నాను. విని, సగంలో ఆగిపోయాను.

పిల్లకి నలభై ఇంకా రాలేదు, ఒక చిన్న కూతురుంది. అదే పేటలో ఒక కంపెనీలో మెడికల్ కోడింగ్ ఉద్యోగం. అంటే ఏ దేశంలోనో ఎవరికో వచ్చిన జబ్బుకి, అక్కడి డాక్టరు రాసిన కాగితం తెరమీద చదివి, సరైన కోడు వేయడం. నేను లావుపాటి పుస్తకాలు తిరగేసి చేసిన పనే. ఆ రోజు వాళ్ళ ఆఫీసులో లిఫ్టు పనిచేయలేదట. ఆలస్యమవుతోందని మెట్లు గబగబా ఎక్కుతూ పడిపోయింది. తోటి ఆడపిల్లలు కాబ్‌లో వేసి తీసుకొచ్చారు. స్కాన్ తీసి, గుండె గోడ ఉండవలసినదానికన్నా మందంగా ఉందన్నారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే జబ్బట అది. కొందరిని ఏమీ చేయకుండా ముసలితనం దాకా వదిలేస్తుందట, కొందరికి మాత్రం పరుగులోనో మెట్లమీదో, ఒక్కోసారి ఊరికే కూర్చునుండగానో గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోతుందట. అలా లయ తప్పినప్పుడు తానే గుర్తించి, తానే సరిచేసే చిన్న పరికరం ఒకటి ఛాతీలో చర్మం కింద అమర్చవచ్చు. అది పిల్లకి అవసరమా, మందులతో సరిపెట్టవచ్చునా అన్నది నిర్ణయించడానికి వాళ్ళకి కావలసినవి కొన్ని సంగతులు, వాటిలో ముఖ్యమైనది ఆవిడ అడిగిన ప్రశ్న. దానికి నేను చెప్పడం మొదలుపెట్టిన జవాబు, మా వంశ ప్రతిష్ఠ.

నా వయసువాళ్ళకు ఇలాంటి ఇళ్ళు తెలిసే ఉంటాయి. ఉత్తరాన, ఏటి ఒడ్డున, మాకు చిన్న జమీ ఉండేది. చిన్నదే గాని, మా తాతగారు దాన్ని చిన్నదని ఎవరినీ అననిచ్చేవారు కారు. జమీందారీల రద్దుతో జమీ పోయింది, తరవాత వ్యాజ్యాల్లో మిగిలిన భూములు పోయాయి, ఆ వ్యాజ్యాల కోసమే తిరుగుతూ తాతగారు కోర్టు మెట్లమీద, చేతిలో కర్రతో, నిలబడినవారు నిలబడినట్టే ఒరిగిపోయారు. అప్పటికి ఆయనకు యాభై నిండలేదు. మా మేనత్త అంతకు ముందే, పురుడు పోసుకున్న ఏడాదికి, తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతూ వెళ్ళిపోయింది. అమ్మవారు పిలుచుకున్నదన్నారు. భూమి పోయినవాళ్ళకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి. మాకు మిగిలింది ఈ మరణాలు. వెండి పోయినా, పల్లకి విరిగి అటకెక్కినా, చావు మాత్రం మాకు దొరలకొచ్చినట్టే వస్తుందని, మూలుగుతూ ముక్కుతూ ఒకరి చేత సేవ చేయించుకునే ఖర్మ మా ఇంట లేదని, అది పూర్వపుణ్యమని మా పెద్దవాళ్ళు నమ్మారు. మాకూ నేర్పారు.

నాన్నగారు మమ్మల్ని తీసుకుని విశాఖపట్నం వచ్చి కంచరపాలెంలో, రైలు పట్టాలకు దగ్గరగా ఒక అద్దె ఇంట్లో దిగారు. ఊరి నుంచి తెచ్చుకున్న సామానులో చెప్పుకోదగ్గది ఒక టేకు కుర్చీ. ఎత్తైన వీపుతో ఉండేది. దానిలో కూర్చున్నవాడు వంగి కూర్చోలేడు. ఆ కుర్చీ వసారాలో వేసుకుని, పట్టాలమీద ఖనిజం బండ్లు పోతుంటే ఇల్లంతా అదురుతున్నా, ఆయన తాను అదిరేవారు కారు. పక్క వాటాలో పట్టాల పనివాడు, రైల్వే గాంగుమను ఒకాయన, అతని భార్య ఉండేవారు. అతనికి పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోయింది. ఆవిడ అతన్ని పెరట్లో నులకమంచం మీద పడుకోబెట్టి గంజి పడుతూ ఉంటే, ఇద్దరి కీచులాటా గోడ మీదుగా మాకు రోజూ వినిపించేది.

"ఓలయ్యో, నోరు తెరు. గంజి సల్లారిపోతంది."

"ఉప్పు సాల్నేదే."

"ఉప్పు నీకేసీసి, మల్లీ డాకటేరు సుట్టూ నాను తిరగాలా? తాగీ, నోర్మూసుకోని."

"నోర్మూసుకుంటే ఎలాగ తాగుతానే?"

ఆ తరవాత ఆవిడ నవ్వూ, అతని నవ్వూ, వంకరపోయిన నోటితో అతను నవ్వితే అదో రకం చప్పుడు. మా అమ్మ ఆ చప్పుడు విని పాపం ఏ జన్మలో ఏం చేసుకున్నారో అని నిట్టూర్చేది. మేమూ జాలిపడేవాళ్ళం. పై నుంచి కిందికి చూసే జాలి అది.

నాకు రేవు వైపున్న ఒక ఆసుపత్రిలో రికార్డు సెక్షన్‌లో ఉద్యోగం దొరికింది. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, పేరు అనవసరం. జమీ వారసుడు గుమాస్తా అయ్యాడని బంధువులు ముక్కున వేలేసుకున్నారు గాని, నాకు ఆ పని అంటే గౌరవం కలగడానికి ఎంతో కాలం పట్టలేదు. డిశ్చార్జి అయిన ప్రతి రోగి కేసు షీటూ మా బల్లమీదకు వచ్చేది. దానిలో డాక్టరు రాసిన రోగ నిర్ధారణ చదివి, ప్రపంచమంతటా ఒకటేగా ఉండే జబ్బుల పట్టికలో దాని చోటు వెతికి, ఆ అంకె వేయాలి. పట్టిక రెండు సంపుటాలు. ఒకదానిలో జబ్బుల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి, రెండోదానిలో అంకెల వరసలో. పేరుతో వెతికితే దొరికిన అంకెను తొందరపడి వేసేయకూడదు. రెండో సంపుటంలో ఆ అంకె దగ్గరకు వెళ్ళి, దాని కింద ఏవి చేరతాయో ఏవి చేరవో చదివి, అప్పుడే కలం ఎత్తాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి పక్కన ఎవరుండాలో తెలిసిన పాత దర్బారులాగా ఉండేది నాకు ఆ పుస్తకం. దానిలో ప్రతి బాధకూ ఒక పీట ఉంది.

మా సెక్షన్ పెద్దాయన గోదావరి జిల్లా మనిషి. రేవు ఉద్యోగాల రోజుల్లో వాళ్ళ నాన్నతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పని నేర్పింది ఆయనే. కేసు షీటులో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం అని రాసి ఉండి, నిర్ధారణ దగ్గర డాక్టరు ఏమీ రాయకపోతే, ఇది క్షయ అని మనకు తెలిసిపోతున్నా సరే, క్షయ అంకె వేయడానికి వీల్లేదని ఆయన మొదటి వారంలోనే చెప్పారు.

"డాక్టరుగారు రాసిందే మనకి వేదమండి బాబుగారూ. ఆయన రాయలేదనుకోండి, చీటీ పంపించి అడగండి. అంతేగాని మనం ఊహించి వేసేశామంటే, అది రోగి జబ్బు కాదండి, మన జబ్బవుద్ది."

అలా పంపే పచ్చ చీటీలంటే డాక్టర్లకు గిట్టేది కాదు. నేను వాటిని మహా పట్టుదలగా పంపేవాణ్ని. అందుకని ఆసుపత్రిలో నా చీటీలకు తాఖీదులని పేరొచ్చింది. వాటిని పట్టుకెళ్ళే అటెండరు గాజువాక వైపువాడు, వెటకారం వాడి నాలుక మీదే ఉండేది.

"బాబూ, తమరి తాకీదు సూసి డాకటేరు నన్ను తిట్టీసినాడు. అదే తమరి జమీ ఉండుంటే, ఇన్ని తిట్లు తిన్నందుకు నాకో మాన్యమైనా రాసిచ్చీవోరు గదా!"

నవ్వే రకం కాకపోయినా నాకూ నవ్వొచ్చేది. డాక్టర్లు విసుక్కుంటూనే రాసేవారు. నేను చేరాక ఆ ఆసుపత్రిలో 'పేర్కొనబడనివి' అన్న కోవలో పడే కాగితాలు తగ్గాయని పెద్దాయన నలుగురిలో అన్నప్పుడు, తాతగారు వ్యాజ్యం గెలిచివస్తే ఎలా నడిచి ఉండేవారో అలా నడిచి ఇంటికి వెళ్ళాను.

నాన్నగారు పోయింది ఆ తరవాతి చలికాలంలో. ఉదయం స్నానం చేసి, మడతపెట్టిన ఉత్తరీయం భుజాన వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. అమ్మ కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు. తల కూడా వాలలేదు, ఆ కుర్చీ వాలనివ్వలేదు. రిక్షాలో మా ఆసుపత్రికే తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు నాడి చూసి, ప్రాణం ముందే పోయిందని చెప్పి, కారణం తెలియాలంటే పోస్టుమార్టం చేయించాలి, ఒప్పుకుంటే బాగుంటుందని నెమ్మదిగా అన్నాడు. మా అమ్మ ఆయన వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

"బతికుండగా మా వారిని ఎవరూ వేలెత్తి చూపలేదు. పోయాక కత్తి పెడతారా బాబూ? ఆయనకి రోగమే లేనప్పుడు కారణం ఏముంటుంది? పుణ్యం, అంతే."

డాక్టరు కాగితం రాసిచ్చాడు, నాన్నగారిని ఇంటికి తెచ్చుకున్నాం. పక్కవాటా ఆవిడ శవం దగ్గర కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, "ఎంత అదురుష్టవంతుడో నాయినా, మా ముసిలోడికి అలాటి సావు రాసిపెట్టి నేదు" అని ఏడ్చింది. అది పొగడ్తగానే తీసుకున్నాం.

కర్మలు ముగించుకుని ఉద్యోగానికి వెళ్ళేసరికి నాన్నగారి కాగితం నా బల్లమీద ఉంది. మీరొద్దండి, నేనేస్తానండి అని పెద్దాయన చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. అందరికీ పంపినట్టే దానికీ చీటీ పంపాను. 'కారణం తెలియలేదు' అని డాక్టరు రాసి పంపాడు. అటెండరు ఆ చీటీ తెచ్చి, రెండు చేతులతో బల్లమీద పెట్టి వెళ్ళాడు. పుస్తకంలో అలాంటివారికి కూడా ఒక చోటుంది, చివరి వైపున, సరిగా నిర్వచించని లక్షణాలన్నీ గుదిగుచ్చిన అధ్యాయంలో: ఆకస్మిక మరణం, కారణం తెలియనిది. ఇంకెవరైనా అయితే ఆ అంకె వేయడానికి నాకు చిన్నతనంగా ఉండేది. నాన్నగారికి వేస్తున్నప్పుడు మాత్రం, లోకంలోని ఏ రోగమూ తాకలేని మనిషి అన్నట్టు కనిపించి, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వపడ్డాను.

ఇక మా తమ్ముడు. వాడు మా ఇంట్లో పుట్టవలసినవాడు కాదని అమ్మ అనేది. నవ్వుతాడు, గోడలు దూకుతాడు, కంచరపాలెం కుర్రాళ్ళతో కలిసి వాళ్ళ భాషే మాట్లాడతాడు. ఇంట్లో 'నాను' అన్నప్పుడల్లా అమ్మ కళ్ళు మూసుకునేది. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, ఉక్కునగరంలో క్వార్టర్ తీసుకున్నాడు. ఒక వేసవిలో అమ్మని చూడ్డానికి వచ్చినప్పుడు, బస్సు తప్పిపోతుందని రైల్వే వంతెన మెట్లు పరిగెత్తుతూ ఎక్కి, పైమెట్టు మీద తెలివి తప్పి పడిపోయాడు. ఎవరో మొహాన నీళ్ళు కొట్టారు, లేచాడు, తీసుకొచ్చి మా ఆసుపత్రిలోనే చేర్చాం.

ఈ పిల్ల పడిపోయిందని ఫోను రాగానే నా కళ్ళకు కట్టింది ఆ వంతెన మెట్లే.

ఆ పూట చూసినవాడు మంచి డాక్టరే. కొత్తవాడు, వార్డు నిండా రోగులు, అయినా తొందరపడకుండా పక్కనే నిలబడి అడిగాడు. ఎండలో తిరిగావా, ఏ పని చేస్తావు, ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా అని అన్నీ అడిగి, చివరికి అమ్మ వైపు తిరిగి, మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అమ్మా, ఉంటే చెప్పండి, పెద్దాసుపత్రిలో గుండె డాక్టరుకి రాసిస్తాను, లేకపోతే ఇది ఎండదెబ్బే అన్నాడు. అమ్మ బల్లమీద నిటారుగా కూర్చుంది. వెనకాల నేను నిలబడి ఉన్నాను.

"మా ఇంట్లో ఎవరికీ గుండెజబ్బు లేదు బాబూ. మా మామగారు నిలబడ్డవారు నిలబడ్డట్టే పోయారు, మా వారు కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఒక్కనాడు మంచం పట్టలేదు, ఒక్క మాత్ర మింగి ఎరగరు."

నేను అవునన్నట్టు తల ఊపాను. డాక్టరు మొదటి వాక్యం రాసుకున్నాడు. రెండోది రాసుకోలేదు. రాసుకోవలసినదిగా అది ఆయనకు వినిపించలేదు, ఎందుకంటే మేము దాన్ని జబ్బులా చెప్పలేదు. పెళ్ళివారికి చెప్పినట్టు చెప్పాం. తమ్ముడు కాక ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, ఒకరు చెప్పారు, ఒకరు విన్నారు, ఇంటి మాటా ఆసుపత్రి రాతా రెండూ తెలిసినవాణ్ని నేను. నిజం మొత్తం గదిలోకి వచ్చి, కాగితం మీదకు ఎక్కకుండా వెళ్ళిపోయింది. ఆ డాక్టరుని నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. అమ్మని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తెలిసి దాచినది ఏదీ లేదు గనుకనే ఈ బాధకు ఒక చోటు దొరకదు.

మర్నాడు డిశ్చార్జి అయ్యాడు. కేసు షీటు నా దగ్గరకు వచ్చింది. ఎండవల్ల వచ్చిన మూర్ఛ అని స్పష్టంగా, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. దానికి విడిగా ఒక అంకె ఉంది. రెండు సంపుటాలూ చూసుకుని వేశాను. వాడు వెళ్ళిపోతూ సెక్షన్ గుమ్మంలో నిలబడి, "ఏ నంబరేసినావన్నయ్యా నాకు?" అని అడిగాడు. చెప్పాను. "ఐతే మన వంశంలో ఎండదెబ్బ తిన్న మొదటోడిని నానే అన్నమాట. రాసిపెట్టుకో, రాజావోరి సెరిత్రలో" అని, అటెండరు భుజం చరిచి, మధ్యాహ్నపు బి-షిఫ్టుకు వేళయిందని వెళ్ళిపోయాడు. అటెండరు చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.

అక్కడ నేను వేసిన అంకె తప్పు కాదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇవాళ తనిఖీ చేసినా తప్పు పట్టలేరు. డాక్టరు రాసిన మాటకు సరిగ్గా సరిపోయిన అంకె. మనిషికి సరిపోలేదు, అంతే.

తరవాత రెండు వేసవులు గడిచాయి. వాడికి కూతురు పుట్టింది, నడక నేర్చింది. ఒక ఆదివారం ఉదయం ఉక్కునగరంలో క్వార్టర్ల మధ్య మైదానంలో తోటివాళ్ళతో వాలీబాల్ ఆడుతూ, బంతి కోసం ఎగిరి, దిగి, నెట్ పట్టుకుని నిలబడ్డాడట. అలసిపోయి ఆగాడనుకున్నారట. అలాగే జారి మోకాళ్ళ మీద కూర్చున్నాడట. అక్కడి ఆసుపత్రికి చేర్చేసరికే అయిపోయింది. వాడి కాగితం నా బల్లమీదకు రాలేదు. వచ్చినా లాభం లేదని ఇప్పుడు తెలుసు. తండ్రి అంకె ఒక కాగితం మీద, కొడుకు అంకె ఒక కాగితం మీద. ఆ ఇద్దరూ ఒక్క ఇంటివాళ్ళని, ఒక్క తీరుగా పోయారని చూపించే గడి ఆ కాగితాల్లో లేదు. అది మా నోళ్ళలో మాత్రమే ఉంది. మేము దాన్ని మరోలా వాడుకుంటున్నాం. పరామర్శకు వచ్చినవాళ్ళతో అమ్మ గుమ్మంలో కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూనే, అచ్చం తండ్రి పోలికే, మంచం పట్టకుండా వెళ్ళాడు అంది. అది నేనూ అన్నాను, ఒకరితో కాదు, వచ్చిన ప్రతివారితోనూ. అంత దుఃఖంలో నిలబడడానికి ఏదో ఒకటి పట్టుకోవాలి గదా, మా చేతికి అందింది అదే.

మరదలినీ పిల్లనీ మా ఇంటికి తెచ్చుకున్నాం. పిల్ల నా చేతుల్లో పెరిగింది. నాన్నగారిని మేము మీరు అనేవాళ్ళం, ఇది నన్ను నువ్వు అంటుంది, వాళ్ళ నాన్నలాగే మాట్లాడుతుంది. అమ్మ పోయాక ఇంట్లో దాన్ని సరిదిద్దేవాళ్ళు లేరు, నాకు సరిదిద్దాలనిపించలేదు. చదువయ్యాక కోడింగ్ నేర్చుకుంటానన్నది అదే. నా పాత పుస్తకాల వాసన దానికి చిన్నప్పుడే అంటుకుంది కాబోలు.

అందుకే ఆ రోజు ఆసుపత్రిలో, నేను ఆ వాక్యం మొదలుపెట్టి ఆగిపోయినప్పుడు, ఒంటినిండా తీగలతో పడుకున్న పిల్ల తల తిప్పి నా వంక చూసింది.

"ఏటి పెదనాన్నా, ఆవిడేటడిగింది, నువ్వేటి సెప్తన్నావు? గొప్పలొద్దు. వరసగా సెప్పు. ఎవరు, ఎంత వయసులో, ఏటి సేత్తా పోయారో. నీకు నాను సెప్పాలా?"

చెప్పనక్కరలేదు. నేను నేర్పిన పనే. అయినా వరసగా చెప్పడం నాకు చేతకాలేదు, మొదటిసారి. తాతగారు అనగానే కర్ర గురించి, కోర్టు గురించి, అక్కడి జడ్జీ లేచి నిలబడ్డాడన్న కథ గురించి నోరు వెళ్ళిపోతోంది. డాక్టరమ్మ ఓపికగా ఆగింది. నేను నగలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టినట్టు మాటలు తీసేసి చెప్పాను. తాతగారు, యాభై లోపు, మెట్లెక్కుతూ. మేనత్త, పాతికేళ్ళ వయసు, దీపం పెట్టి లేస్తూ. నాన్నగారు, యాభై దాటాక, కూర్చుని. తమ్ముడు, ముప్పై దాటి, ఆటలో, అంతకు ముందు మెట్లమీద ఒకసారి పడిపోయాడు. చెబుతుంటే నలుగురూ నా కళ్ళముందు పక్కపక్కన వచ్చి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో వాళ్ళను నేను ఒక్క వరసలో నిలబెట్టి చూడలేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా, పటాల్లో చూసుకున్నాను.

పోస్టుమార్టం కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. పాత ఆసుపత్రి కాగితాలో? ఆసుపత్రే లేదు, దాని కాగితాలు ఎప్పుడో తూకానికి వెళ్ళాయి. ఆవిడ రాయడం ఆపి, ఫరవాలేదండి, మీరు చెప్పింది రాసుకున్నాను, ఇది చాలు అంది. రాయని మాటకు విలువ లేదని నమ్మి బతికిన నాకు, నా మాటను ఒకరు అలా పూర్తిగా, రెండో సగంతో సహా రాసుకోవడం చూసి ఏదో అయింది. లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

పిల్లకు పరికరం అమర్చారు. ఇంటికి వచ్చింది. ఎడమవైపు భుజం కింద అగ్గిపెట్టంత ఎత్తు కనిపిస్తుంది, దానిమీద చెయ్యి వేసుకుని, నా బాడీగార్డు అంటుంది. దాని కూతురికీ పరీక్ష చేయించాం. ఇప్పటికేమీ లేదు, ఏడాదికోసారి చూపించమన్నారు. నాకూ చేశారు. నా గుండె గోడా మందమే. నన్నెందుకు వదిలేసిందని అడిగితే డాక్టరమ్మ చెప్పలేమండి అంది. రోజూ ఒక మాత్ర రాసింది. మా వంశంలో పొద్దున్నే మాత్ర మింగే మొదటివాణ్ని నేనే. మొన్న పిల్ల తన ఫోనులో కొత్త కోడ్ పుస్తకం తెరిచి చూపించింది. కుటుంబంలో గుండెవల్ల ఆకస్మిక మరణాలు ఉన్నవారికి ఇప్పుడు విడిగా ఒక కోడే ఉంది. నా పుస్తకాల్లో నేనెన్నడూ చూడని పీట అది. "సూడు పెదనాన్నా, మన ఇల్లు కూడా పుస్తకంలోకెక్కింది" అని నవ్వింది. ఒకప్పుడు మా ఇంటికి రాజముద్ర ఉండేదని దానితో అనబోయి ఊరుకున్నాను.

కాలం చాలా మారింది. ఇప్పటి పిల్లలు తాతకేం రోగం, అమ్మమ్మకేం రోగం అని బీరువాలో చీరల గురించి అడిగినంత తేలిగ్గా అడుగుతారు. చెబితే రాసుకుంటారు. మా రోజుల్లో ఇళ్ళల్లో రోగాలకు పేర్లుండేవి కావు, నలత అనే ఒక్క మాట అన్నిటికీ సరిపోయేది. పేరు లేకపోవడమే మర్యాద అనుకున్నాం. కంచరపాలెంలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ మూడంతస్తులు లేచాయి. టేకు కుర్చీ నా గదిలోనే ఉంది గాని, మధ్యాహ్నాలు దానిలో కూర్చోవడం మానేశాను. డాక్టరమ్మ చెప్పినట్టు భోజనమయ్యాక కాసేపు మంచం మీద పడుకుంటున్నాను.

అలా పడుకున్నప్పుడు తరచుగా నాకు గుర్తొచ్చేది నాన్నగారూ కాదు, తాతగారూ కాదు. గోడ అవతలి గాంగుమను, అతని భార్య. ఎంతో కాలం ఆవిడ అతనికి గంజి పట్టింది, తిట్టింది, నవ్వించింది, తిప్పి పడుకోబెట్టింది. మేము ఈ వైపు నుంచి జాలిపడ్డాం. మా తమ్ముడు ఆ మైదానంలో పోకుండా, అలా ఒక నులకమంచం మీద ఇన్నేళ్ళూ పడి ఉంటే, నా చేత్తో వాడికి గంజి పట్టేవాణ్ని గదా అనిపిస్తుంది. ఉప్పు సాల్నేదన్నయ్యా అనేవాడు. నేను వెయ్యనురా అనేవాణ్ని.